మా వీధిలో ఎవరూ కొనని సబ్బు

మా ఇంట్లో ఏ తలుపు తీసినా సబ్బు వాసన వచ్చేది. బట్టల అలమారలో చీరల మధ్య సబ్బులు, మంచం కింద సబ్బుల పెట్టె, అటక మీద ఇంకో రెండు పెట్టెలు. ఒకసారి గొడుగు కోసం అటక మీద చెయ్యి పెట్టి, గొడుగుతో పాటు అరడజను సబ్బులు నెత్తిన వేయించుకున్నాను. మా ఆవిడ వంటగదిలోంచి పరుగెత్తుకొచ్చి, "విరిగాయా?" అని అడిగింది. నా తల సంగతి కాదు, సబ్బుల సంగతి.

అవన్నీ మా లాభం.

నా బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు, ఒక చిన్న సబ్బుల కంపెనీ నడుపుతాడు. పెద్ద ఫ్యాక్టరీలో చాలాకాలం పనిచేసి, వాళ్ళు చేసే సబ్బు వాడికి నచ్చక, సొంతంగా పెట్టుకున్నాడు. మొదలుపెట్టేటప్పుడు బ్యాంకులు తిరిగి తిరిగి, చివరికి మా ఇంటికి వచ్చి కూర్చున్నాడు.

"ఇది అప్పు కాదు బావా, వాటా. కంపెనీకి నువ్వూ ఒక యజమానివి."

నీళ్ళ బిల్లుల ఆఫీసులో గుమాస్తాగా చేసే నన్ను అంతకు ముందు ఎవరూ యజమాని అనలేదు. ఆ ఒక్క మాటకే పడిపోయాను. అలా పడిపోయినవాళ్ళం పదకొండు మందిమి తేలాం. మా అత్తగారు, ఎదురింటి దర్జీ, లెక్కల మాస్టారుగా చేసి రిటైరైన పెద్దాయన, మిగిలినవాళ్ళు చుట్టాలూ ఇరుగుపొరుగూ. అందరికంటే పెద్ద మొత్తం అత్తగారిది కాబట్టి ఆవిడని పెద్ద డైరెక్టరు అని పిలుస్తాం. సమావేశానికి కుర్చీలు మా ఇంటి నుంచే వెళ్తాయి కాబట్టి నన్ను చైర్మన్ని చేశారు.

మొదటి ఏడాది చివర మమ్మల్నందరినీ కూర్చోబెట్టి బావమరిది చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. "కాస్త మిగిలింది కానీ, అంతా నూనె నిల్వలోనే ఉంది. చేతిలో డబ్బు లేదు. మీకు ఉత్తి చేతులు చూపించడం నాకిష్టం లేదు" అని, తలా ఒక పెద్ద పెట్టె సబ్బులు ఇచ్చాడు. అందరం చప్పట్లు కొట్టాం. అత్తగారు కళ్ళు తుడుచుకున్నారు.

ఆ తర్వాత అదే ఆనవాయితీ అయింది. ఏటా పెట్టె, ఏటా చప్పట్లు. ఏడాదికేడాది పెట్టె కూడా పెరిగింది, వాడి మనసు పెద్దది మరి. మూడో ఏడు వచ్చేసరికి చప్పట్లు కొడుతూనే ఈ పెట్టె ఎక్కడ పెట్టాలా అని ఆలోచించడం మొదలుపెట్టాం. పిల్లవాడు చిన్నబుచ్చుకుంటాడని పైకి ఎవరూ అనలేదు.

ఇంటికి రాగానే పెట్టెలోంచి మొదటి సబ్బు తీసి దేవుడి పటం ముందు పెట్టేవాణ్ణి.

"దేవుడికి సబ్బెందుకండీ?" అని మా ఆవిడ అడిగింది.

"వచ్చినదాంట్లో మొదటిది ఆయనకి చూపించాలి కదా."

"చూపించండి. కానీ అక్కడే వదిలేస్తున్నారు. ఆయన ముందు కూడా పేరుకుపోతున్నాయి."

అదీ నిజమే. మా వాటాదారుల్లో ఇచ్చింది ఎక్కువైందని లోలోపల కూడా విసుక్కోనివాడు ఆయనొక్కడే.

కంపెనీ అంటే పెద్దగా ఊహించుకోవద్దు. వీధి చివర రేకుల గది ఒకటి, దాని వెనక గాలి బాగా ఆడే ఇంకో గది. ముందు గదిలో నూనె వేడిచేసి, కాస్టిక్ సోడా నీళ్ళు కలిపి, నిమ్మగడ్డి తైలం వేసి, చెక్క అచ్చుల్లో పోస్తారు. మర్నాటికి గట్టిపడిన దిమ్మని తీగతో కోస్తారు. అక్కడితో అయిపోయిందనుకుంటే పొరపాటు. ఆ ముక్కలు వెనక గదిలో చెక్క అరల మీద నెలన్నర ఆరాలి. ఆరకుండా అమ్మితే నాలుగు స్నానాలకే జావైపోతుంది. ఈ ఒక్క విషయంలో నా బావమరిది ఎవరి మాటా వినడు.

"సబ్బుని తొందర పెట్టకూడదు బావా. ముందు దానికి కోపం వస్తుంది, తర్వాత కొన్నవాడికి" అంటాడు.

అలాంటివాడికి పెద్దాస్పత్రి వాళ్ళు కబురు పెట్టారు. వాళ్ళ వార్డు ఒకదానికి కొంతకాలంగా వీడి సబ్బే వెళ్తోంది. రోజంతా చేతులు కడుక్కునే నర్సులకి దీనితో చర్మం పగలడం లేదట. అన్ని వార్డులకీ కావాలన్నారు. నెలాఖరులోగా అవునో కాదో చెప్పమన్నారు.

అవుననడానికి వాడి దగ్గర చోటు లేదు. ఆరబెట్టే గది ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. ఇంకో గది కట్టాలి, కొత్త అరలు చేయించాలి. బ్యాంకువాళ్ళు "తాకట్టు పెట్టడానికి ఏముంది?" అంటే "సబ్బులున్నాయండి" అన్నాడట. ఆ మేనేజరు చాలా రోజుల తర్వాత నవ్వానని చెప్పి పంపించేశాడు.

అదే సమయానికి పాత ఫ్యాక్టరీవాళ్ళు వేరే ఊళ్ళో సూపర్‌వైజరు ఉద్యోగం ఇస్తాం రమ్మన్నారు.

"ఆస్పత్రికి మాటివ్వలేకపోతే మూసేస్తాను బావా" అన్నాడు ఒకరోజు, అచ్చులు కడుగుతూ. "ఇలా చిన్నగా ఎన్నాళ్ళు ఈడుస్తాను? అమ్మని తీసుకుని వెళ్ళిపోతా. మీ అందరి డబ్బూ జీతంలోంచి కొంచెం కొంచెం ఇచ్చేస్తా."

ఇది విన్నాక మా ఆవిడకి అన్నం సహించలేదు. డబ్బు గురించి కాదు. పుట్టింటివాళ్ళు వీధి చివర ఉండటానికి అలవాటు పడిన మనిషి.

ఆస్పత్రిలో సరుకులు కొనే ఆయనే ఒక దారి చెప్పాడు. చిన్న కంపెనీల్లో డబ్బు పెట్టే ఆవిడ ఒకరున్నారు, ఆవిడ తల్లి ఆ వార్డులోనే కొన్నాళ్ళు ఉన్నారు, సబ్బు నచ్చి ఎవరిదని అడిగారు, వచ్చి చూస్తామన్నారు అని. ఆ రాక ఖాయమైన సాయంత్రం బావమరిది మా ఇంటికి వచ్చాడు. తల దువ్వుకుని వచ్చాడంటేనే ఏదో ఉందని అర్థమైంది.

"బావా, రేపు ఆవిడ మన వీధిలో అమ్మకాలెలా ఉన్నాయని అడుగుతుంది."

"అడిగితే?"

"బ్రహ్మాండంగా ఉన్నాయని చెప్పు."

"ఒరేయ్, మూల కొట్లో నీ సబ్బు పెట్టనే పెట్టడు కదరా!"

"పెట్టాడు. ఇందాకే రెండు పెట్టెలు ఇచ్చొచ్చాను. ముందు వరసలో పెట్టి, అడిగితే బాగా పోతోందని చెప్పమన్నాను."

"వాడు చెబుతాడా?" అంది మా ఆవిడ.

"చెబుతాడక్కా. అందులో ఒక పెట్టె వాడికే ఉంచుకోమన్నా."

"అయితే మాకు ఇంకో భాగస్వామి దొరికాడన్నమాట" అని లోపలికి వెళ్ళిపోయింది.

నేను చెప్పననీ అనలేదు, చెబుతాననీ అనలేదు. అక్క మొగుణ్ణి కదా, కాదనడానికి నోరు రాలేదు.

మర్నాడు పొద్దున దేవుడి ముందు నిలబడితే లాభం అడగబుద్ధి కాలేదు. అసలు అడగొచ్చా? నాకు లాభం వస్తే ఎక్కడో ఇంకొకడికి తగ్గుతుందా, లేక అంతకు ముందు లేనిది కొత్తగా పుడుతుందా? ఈ సంగతి ఒకసారి మాస్టారిని అడిగితే, "ఇది లెక్కల పుస్తకంలో లేదయ్యా" అన్నారు. అందుకని, నా నోటి మాట వాడికి మేలు చెయ్యాలి, అబద్ధం మాత్రం కాకూడదు అని దణ్ణం పెట్టుకున్నాను. రెండూ కలిపి అడిగితే కుదురుతుందా అన్న అనుమానం మాత్రం పోలేదు.

డబ్బు పెట్టే ఆవిడ నడిచే వచ్చారు. నలభై ఏళ్ళుంటాయి. భుజాన గుడ్డ సంచి, మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు. చూసినదాన్నల్లా కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి చూస్తారు. అత్తగారు ఆవిడ గడప దాటకముందే కళ్ళజోడమ్మాయి అని పేరు పెట్టేశారు.

అచ్చులు చూశారు, తీగ చూశారు, నూనె ఎక్కడి నుంచి వస్తుందో అడిగారు. పంపు దగ్గర చేతులు కడుక్కుని వాసన చూసుకున్నారు.

"ఇన్నేళ్ళూ వాటాదారులకి ఏమిచ్చారు?"

"ఏటా సబ్బులిచ్చామండి" అన్నాడు బావమరిది, ఛాతీ విరుచుకుని. "ఒక్కరికీ తక్కువ చెయ్యలేదు."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని వాడి వంక చూశారు. "ఇక్కడ చుట్టుపక్కల ఎవరు కొంటారు?"

"అందరూనండి."

"అయితే దుకాణం చూద్దాం పదండి."

మూల కొట్టతను మమ్మల్ని చూడగానే గల్లా దగ్గర నుంచి లేచి నిలబడ్డాడు. బావమరిది నేర్పింది చెప్పి ఊరుకుంటే బాగుండేది. మనిషికి ఉత్సాహం ఎక్కువ.

"ఈ సబ్బా మేడమ్? పెట్టడమే ఆలస్యం, ఎగిరిపోతుంది! పొద్దున్నైతే జనాన్ని ఆపలేను. తోసుకుంటారు."

"అలాగా! నాకూ ఒకటివ్వండి. ఎంత?"

కొట్టతను సబ్బు చేతిలోకి తీసుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. దాని మీద ఏమీ రాసి లేదు. బావమరిది వంక చూశాడు. బావమరిది ఆవిడ వెనక నుంచి వేళ్ళతో ఏదో చూపించాడు.

"అయిదండీ."

"అయిదేనా?"

"యాభై అయిదు. అంటే... ఇరవై అయిదు. ఈ వారం తగ్గింపుంది."

ఆవిడ కళ్ళజోడు తీసి, సంచి భుజం మీదికి సరిగ్గా లాక్కున్నారు. వెళ్ళబోయే మనిషి చేసే పని అది. బావమరిది ముఖం కోయడానికి సిద్ధంగా ఉన్న సబ్బు దిమ్మలా తెల్లగా అయిపోయింది. అప్పుడు నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"అమ్మా, ఈ కొట్టాయన్ని ఏమీ అనకండి. ఈ వీధిలో ఈ సబ్బు ఎవరూ కొనరు."

"బావా!"

"ఎందుకు కొనరో చూపిస్తాను. మా ఇంటికి రండి."

నేను అలమార తలుపు తీసేసరికి రెండు సబ్బులు దొర్లాయి. ఒకదాన్ని ఆవిడే గాల్లో పట్టుకున్నారు.

"ముందు చెబితే సర్దేదాన్ని కదండీ!" అని మా ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఇన్ని సబ్బులు ఏం చేస్తారమ్మా?"

"ఏం చేస్తామండీ, పంచుతాం. పక్కింటికి, వెనకింటికి, పాలు పోసేవాడికి, కూరలమ్మే ఆవిడకి. ఎవరైనా ఇంటికొస్తే ఉత్తి చేతులతో పంపలేం కదా. నెలాఖరైతే వాళ్ళే వచ్చి అడుగుతారు, ఉందా అని."

దర్జీ ఇంటికి వెళ్ళాం. బట్ట కత్తిరించే బల్ల కింద పెట్టెలు బారుగా ఉన్నాయి. అరిగిపోయిన పల్చటి సబ్బు ముక్కతో అతను గుడ్డ మీద గీతలు గీస్తున్నాడు.

"సుద్ద కొనడం మానేశాను మేడమ్. ఉతికితే గీతా పోతుంది, చొక్కా మురికీ పోతుంది. ఇలాంటి సుద్ద ఏ దర్జీకీ లేదు."

మాస్టారింట్లో పుస్తకాలు పక్కకి ఒరిగిపోకుండా వరసకి అటూ ఇటూ సబ్బుల దొంతర్లు పెట్టి ఉన్నాయి. ఆయన ఆవిడకి మంచినీళ్ళిచ్చి, "లోపల ఇంకా ఉన్నాయి, చూస్తారా?" అని మర్యాదగా అడిగారు.

ప్రతి ఇంట్లోనూ ఆవిడ చేతులు కడుక్కున్నారు. దేనికా అనుకున్నాను. తిరిగి కంపెనీకి నడుస్తూ చెప్పారు.

"ఎక్కడ కడుక్కున్నా ఇదే సబ్బు. ఈ వీధిలో జనం వేరేది మర్చిపోయినట్టున్నారు. ఉచితంగా వచ్చేదాన్ని ఎవరు కొంటారు? మీ సబ్బుకి ఇక్కడ పోటీ ఎవరో తెలుసా? మీ వాటాదారులే."

బావమరిది తల దించుకుని నడిచాడు.

ఆరబెట్టే గదిలో ఆవిడ అరల మధ్య నెమ్మదిగా తిరిగారు. కొన్ని అరల అంచు మీద ఎర్ర సుద్దతో గీతలున్నాయి.

"ఈ గీతలేమిటి?"

"అవి... వాటాదారుల పెట్టెల కోసం విడిగా పెట్టినవండి."

ఆవిడ మళ్ళీ ఒకసారి చుట్టూ తిరిగొచ్చారు. "గదిలో దాదాపు మూడో వంతు. ఇంకో గది కావాలని నన్ను పిలిచారు. మీ గదిలో మీ వాళ్ళ లాభం ఆరుతోంది బాబూ."

బావమరిది బోర్లించిన అచ్చు మీద కూలబడ్డాడు. "నన్ను నమ్మి ఇచ్చారండీ. వాళ్ళకి ఏదో ఒకటి ఇవ్వకుండా ఎలా ఉంటాను?" అన్నాడు.

"తెలుసు. అందుకే ఎక్కువైందని ఎవరూ మీతో చెప్పలేకపోయారు."

వాడు నా వంక చూశాడు. నేను నేల చూశాను.

"కొట్లో ధర తెలియనప్పుడే వెళ్ళిపోదామనుకున్నాను" అన్నారు ఆవిడ. "లోపాలు చూసి నేను భయపడను. దాచిపెట్టిన లోపం రేపు నా డబ్బుతో కూడా దాక్కుంటుంది, దానికే భయం. అలమార తలుపు తీశారు కాబట్టి మాట్లాడుకుందాం."

ఆవిడ అడిగినవి ఎక్కువేమీ కాదు. ముందు ఎర్ర గీతల అరలు ఆస్పత్రికి ఇవ్వాలి. ఆవిడ డబ్బుతో చిన్న గది ఒకటి కట్టాలి. పెట్టెలు పంచడం ఆపాలి. ఏడాది చివర నిజంగా మిగిలితేనే, మిగిలినదాంట్లో ఎంత కంపెనీలో ఉంచుకోవాలో, ఎంత అందరికీ పంచాలో ముందే అనుకుని, పంచేది డబ్బుగా పంచాలి. మూణ్ణెల్లకోసారి మంచీ చెడూ రెండూ రాసి ప్రతి వాటాదారుకీ ఒక కాగితం పంపాలి. ఇవన్నీ వాటాదారులందరూ ఒప్పుకోవాలి. ఒక్కరు కాదన్నా ఆవిడ రారు.

"అందరూ ఎందుకండీ? ఎక్కువమంది చాలదా?" అన్నాడు బావమరిది.

"ఒకే వీధిలో ఉండేవాళ్ళు మీరు. ఒకరు అలిగితే మీ కంపెనీ సంగతి మీకే తెలుసు."

ఆదివారం సమావేశం పెట్టాం, ఆవిడా వచ్చారు. కుర్చీలు నేనే మోశాను.

దర్జీకి ముందు అనుమానం వచ్చింది. "కొత్తగా మీరొస్తే మా వాటా తగ్గిపోదా మేడమ్?"

"మొత్తంలో మీ భాగం తగ్గుతుంది. అది దాచను. ఇప్పుడు రుమాలంత గుడ్డలో మీకు కాస్త పెద్ద ముక్కుంది. రేపు దుప్పటంత గుడ్డలో కాస్త చిన్న ముక్కుంటుంది. ఏది కావాలో మీరే కొలుచుకోండి."

దర్జీ మనసులోనే కొలుచుకుని, "దుప్పటే నయం, చినగకపోతే" అన్నాడు.

"చినిగే అవకాశమూ ఉంది. అందుకే మూణ్ణెల్లకోసారి కాగితం."

మాస్టారు నాలుగైదు ప్రశ్నలడిగి, జవాబులు తనే చెప్పుకుని, ఒప్పుకున్నారు. మిగిలినవాళ్ళు ఒక్కొక్కరే చేతులెత్తారు. చివరికి అత్తగారు మిగిలారు. ఒళ్ళో చేతులు పెట్టుకుని కదలకుండా కూర్చున్నారు.

"అమ్మా" అన్నాడు బావమరిది.

"నేనొప్పుకోను."

నెలాఖరు ఇంకెంతో దూరం లేదు.

"డబ్బుస్తారట, డబ్బు! కవర్లో పెట్టి చేతికిస్తే ఎవరు చూస్తారు? పప్పులూ ఉప్పులూ కొంటే అయిపోతుంది. సబ్బైతే నలుగురికీ ఇస్తాను. మా అబ్బాయి చేశాడని చెబుతాను. చాలా బాగుందమ్మా అంటారు. నాకు అదే లాభం. అది ఆపేసి కంపెనీ నిలబెడతానంటే, నిలబడి నాకేం ఒరిగింది?"

"కంపెనీ లేకపోతే నేను వేరే ఊరు పోవాలి కదమ్మా, నువ్వూ రావాలి."

"వస్తాను. అక్కడ మటుకు సబ్బులివ్వనిస్తావా?"

మా ఆవిడ నన్ను మోచేత్తో పొడిచింది. చైర్మన్ని కదా. అత్తగారితో ఎదురు మాట్లాడటం నాకు అలవాటు లేదు. అయినా చాలాకాలంగా నన్ను తొలుస్తున్న సందేహం ఒకటుంది, అదే అడిగాను.

"అత్తయ్యా, ఉచితంగా ఇచ్చినదాన్ని బాగాలేదని ఎవరైనా అంటారా?"

"ఎందుకంటారు?"

"మరి బాగుందన్న మాట ఎంతవరకు నమ్మాలి?"

ఆవిడ నా వైపు తిరిగారు. "అంటే నా కొడుకు సబ్బు బాగుందని ఇంతవరకు ఎవరూ నిజంగా చెప్పలేదంటావా అల్లుడూ?"

"చెప్పే ఉంటారు. నాకూ బాగుందనే అనిపిస్తుంది. కానీ మనకి ఎలా తెలుస్తుంది? జేబులో చెయ్యి పెట్టి కొంటే తెలుస్తుంది."

బావమరిది నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. వాణ్ణి ముంచానో తేల్చానో వాడికీ తెలియడం లేదు, నాకూ తెలియడం లేదు.

"కొననీ" అన్నారు అత్తగారు చివరికి. "కొంటారో లేదో నేనూ చూస్తాను. కానీ కళ్ళజోడమ్మాయ్, ఒక మాట. ఏడాదికొక్క సబ్బైనా వాడి చేత్తో మా చేతుల్లో పెట్టాలి. ఒక్కటి. దానిక్కూడా గది చాలదంటే నీ డబ్బు నువ్వే ఉంచుకో."

ఆవిడ నవ్వి, "దానికి గది చాలుతుందమ్మా. నాకూ ఒకటివ్వాలి మరి" అన్నారు.

అత్తగారు చెయ్యెత్తారు. దర్జీ ఈల వేయబోయి మాస్టారిని చూసి మానుకున్నాడు.

ఆ తర్వాత కొన్ని వారాలు మా ఆవిడకి కష్టంగానే గడిచాయి. ఇంట్లో ఉన్న పెట్టెలన్నీ ఆవిడే ఒక శరణాలయానికి పంపించేసింది. కూరలావిడ వచ్చి, "సబ్బుందా అమ్మా?" అంటే, "కొట్లో దొరుకుతుంది" అని చెప్పి, ఏదో తప్పు చేసినట్టు లోపలికొచ్చి కూర్చునేది. అత్తగారు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని మూల కొట్టు వైపే చూసేవారు. "ఇవాళా ఎవరూ కొనలేదు" అని రోజూ కబురు. ఒకరోజు మధ్యాహ్నం ఆయాసపడుతూ మా ఇంటికే వచ్చేశారు.

"కొంది అల్లుడూ! కూరలది. సంచిలోంచి డబ్బు తీసి, లెక్కపెట్టి మరీ కొంది! రెండు కొంది!"

ఆ రోజు నుంచి కిటికీ దగ్గర కుర్చీ తీసేశారు. తీసేశారని అన్నారు గానీ, అప్పుడప్పుడు మళ్ళీ కనిపించేది.

ఆస్పత్రి అరలు నిండాయి, ఖాళీ అయ్యాయి, మళ్ళీ నిండాయి. కొత్త గదికి రేకులు వేశారు. మూణ్ణెల్ల కాగితాలు వచ్చేవి. ఒకదాంట్లో ఒక దిమ్మ పగిలి పాడైందని రాశాడు. అది చదివి దర్జీ పని ఆపేసి వెళ్ళి పరామర్శించి వచ్చాడు.

ఏడాది తిరిగింది. ఈసారి సమావేశానికి కళ్ళజోడమ్మాయి కూడా వాటాదారుగా అందరితో పాటు కూర్చున్నారు. బావమరిది ఎంత మిగిలిందో, ఎంత ఉంచుకున్నాడో, ఎంత పంచుతున్నాడో చదివాడు. ఒక్కొక్కరి చేతిలో ఒక కవరు, దాని మీద ఒక సబ్బు పెట్టాడు. కవరు పల్చగానే ఉంది. నా జీతంతో పోలిస్తే చెప్పుకోదగ్గదేమీ కాదు. అయినా లోపలున్న నోట్లని ఇంటికి వెళ్ళేలోపు రెండుసార్లు ముట్టుకుని చూసుకున్నాను. ఇన్నేళ్ళ తర్వాత ఆ రోజు యజమానినని నిజంగా అనిపించింది.

ఇంటికి వచ్చి ఆ సబ్బు దేవుడి ముందు పెట్టబోతే మా ఆవిడ చటుక్కున లాక్కుంది.

"ఇది నాది. ఇన్నేళ్ళూ మంచివన్నీ ఊళ్ళోవాళ్ళకిచ్చి, విరిగిన ముక్కలు నేను వాడాను. ఆయనకి కావాలంటే కొనుక్కురండి. డబ్బుంది కదా ఇప్పుడు."

సమంజసంగానే తోచింది. సొంత డబ్బుతో కొన్నది పెడితేనే బాగుంటుందేమో. కవరు జేబులో పెట్టుకుని మూల కొట్టుకి వెళ్ళాను. సబ్బులుండే వరస ఖాళీగా ఉంది.

"అయిపోయాయి సార్."

"అన్నీనా?"

"మీ అత్తగారు ఇందాకే వచ్చారు. కవరు కవరంతా ఇక్కడే విప్పేసి, ఉన్నవన్నీ పట్టుకుపోయారు. పైగా కంపెనీ నాదే, తగ్గించమంటారు! మీదైతే మీరే తగ్గించి పంపండమ్మా, నేనెలా తగ్గిస్తాను అన్నాను."

"ఇచ్చారా చివరికి?"

"పూర్తి ధర ఇచ్చారు. ధర మటుకు ఇప్పుడు నాకు నిద్రలో లేపినా తెలుసు సార్."

బయటికి వచ్చి చూస్తే వీధి మధ్యలో అత్తగారు. చేతిలో పెద్ద సంచి. పాలు పోసేవాడి చేతిలో ఒక సబ్బు పెట్టి, ఏదో చెబుతున్నారు. ఏం చెబుతున్నారో ఇక్కడికి వినపడకపోయినా నాకు తెలుసు.

ఉత్తి చేతులతో ఇంటికి వచ్చి దేవుడి ముందు నిలబడ్డాను. సరుకు అయిపోయింది, రేపు పొద్దున వస్తుందట అని చెప్పుకున్నాను. మా కంపెనీ గురించి ఆయనకి అంత మంచి వార్త నేనెప్పుడూ చెప్పలేదు.